లియాన్ పేరు పెట్టుకున్న సూక్ష్మజీవి

(నగరంలోని తెలుగు కుటుంబాల కోసం ఏర్పాటైన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. చదివింది తెలుగు సాహిత్యం, చేస్తున్నది పురపాలక కార్యాలయంలో అనువాదం. మరాఠీలోనో ఇంగ్లీషులోనో వెలువడే ప్రకటనలను, పన్ను నోటీసులను, ఆరోగ్య సూచనలను మన సోలాపూర్ తెలుగువారికి అర్థమయ్యే మాటల్లోకి తేవడం నా ఉద్యోగం. అటువంటి నేను ఈ సాయంత్రం ఒక సూక్ష్మజీవిని గురించి మాట్లాడబోతున్నానంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కారణం ఉంది. కొంతకాలం క్రితం మా మేనత్త రక్తపరీక్ష కాగితాన్ని ఆమెకు తెలుగులో చదివి చెప్పవలసి వచ్చింది. చెప్పాను గాని సరిగా చెప్పలేదు. అందులోని ఒక్క మాటను వదిలివేశాను. ఆ మాట ఏమిటో, దాని వల్ల ఏమి జరిగిందో చెప్పే ముందు ఆ సూక్ష్మజీవి ఎవరో, ఎక్కడ ఉంటుందో, ఏమి చేస్తుందో మీకు పరిచయం చేయాలి.

దాని పూర్తి పేరు స్టాఫిలోకాకస్ లుగ్డునెన్సిస్. పలకడానికి కష్టంగా ఉన్నా విడదీసి చూస్తే భయపడవలసినంత పేరు కాదు. స్కాట్లాండులోని అబర్డీన్ నగరంలో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. గడ్డల్లోని చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు గుండ్రని కణాలు గుత్తులు గుత్తులుగా ఆయనకు కనిపించాయి. గ్రీకు భాషలో ద్రాక్షగుత్తిని స్టాఫిలే అంటారు. అందుచేత 1882లో ఆయన వాటికి స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. అంటే ద్రాక్షగుత్తి వంటి గుండ్రని గింజలు. ఇది ఇంటిపేరు. ఈ ఇంటిపేరు గల జాతులు చాలా ఉన్నాయి.

ఇక లుగ్డునెన్సిస్ అనేది ఊరి పేరు. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరాన్ని పూర్వం రోమనులు లుగ్డునం అని పిలిచేవారు. 1988లో ఫ్రెనే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆయన సహచరులు రోగుల నుంచి సేకరించిన నమూనాలలో ఈ జాతిని ప్రత్యేకంగా గుర్తించి, లియాన్ పాత పేరును దానికి పెట్టారు. లుగ్డునెన్సిస్ అంటే లియాన్ ఊరిది అని అర్థం. మనలో కూడా ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు ఎన్ని లేవు!

లియాన్ అనే ఊరు మనకు పూర్తిగా కొత్తది కాదు. మన సోలాపూర్ చాదర్ల మీద పువ్వులు, నెమళ్లు, అక్షరాలు తేలడానికి కారణమైన జకార్డు యంత్రం పుట్టింది ఆ ఊళ్లోనే. పట్టునేతకు పేరుపొందిన లియాన్‌లో 1752లో పుట్టిన జోసెఫ్ మరీ జకార్డు అనే ఆయన, చిల్లుల అట్టలతో నూలుపోగులను ఎత్తి దించే ఆ సాధనాన్ని 1804 ప్రాంతంలో రూపొందించాడు. మన పెద్దలు తెలంగాణ పల్లెలు విడిచి ఇక్కడికి వచ్చి నేర్చిన పనిలో లియాన్ పేరు ఆ విధంగా ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు అదే ఊరి పేరు ఒక రక్తపరీక్ష కాగితం మీదుగా మా ఇంటికి వచ్చింది.

ఈ జీవి నివాసం ఎక్కడ అంటే మన ఒంటి మీదనే. చర్మం మీద, ముఖ్యంగా గజ్జల దగ్గర, నడుము కింది భాగంలో ఇది ఎక్కువగా ఉంటుంది. కొందరికి ముక్కు వాకిట కూడా ఉంటుంది. ముక్కు వాకిలి అంటే వేలు చివర తగిలే మొదటి భాగం, సన్నని వెంట్రుకలు ఉండే చోటు. అక్కడ తేమ తక్కువ, ఆహారం తక్కువ, ఉప్పు ఎక్కువ. అటువంటి బీదచోట కూడా అనేక రకాల సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోటీపడుతూ బతుకుతున్నాయి. అవి మనతో పుట్టి పెరిగినట్లే ఉంటాయి. మనకు వాటి ఉనికి కూడా తెలియదు.

ఆ వాకిట ఉండేవాటిలో అందరికంటే పేరుమోసినది ఇదే ఇంటిపేరు గల మరో జాతి, స్టాఫిలోకాకస్ ఆరియస్. ఆరియస్ అంటే బంగారు రంగుది. ప్రయోగశాలలో పెంచినప్పుడు పసుపుపచ్చగా కనిపిస్తుంది కనుక ఆ పేరు. సుమారుగా ముగ్గురిలో ఒకరి ముక్కులో ఇది ఉంటుంది. ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. కాని సెగ్గడ్డల నుంచి ఊపిరితిత్తుల చీము వరకు, అక్కడి నుంచి గుండె కవాటాల జబ్బు వరకు ఎన్నో బాధలకు ఇది కారణం కాగలదు. 2001లో జర్మనీ వైద్యులు ఒక ముఖ్యమైన పరిశీలన ప్రచురించారు. రక్తంలో ఆరియస్ చేరిన రోగులను పరిశీలిస్తే, ఐదుగురిలో నలుగురికి పైగా రక్తంలోని జీవి, వారి ముక్కులోని జీవి ఒక్కటే అని తేలింది. దొంగ బయటి నుంచి రాలేదు. ఇంటి వాకిట కూర్చున్నవాడే లోపలికి వచ్చాడు.

ఇటువంటి చోట లుగ్డునెన్సిస్ చేసే పని వింటే దాని మీద గౌరవం కలుగుతుంది. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనుషుల ముక్కులలో దొరికిన 90 స్టాఫిలోకాకస్ నమూనాలను తీసుకొని, వాటిలో ఆరియస్‌ను అడ్డగించగలిగేవి ఏవో వెదికారు. లుగ్డునెన్సిస్ నమూనా ఒకటి ఆరియస్‌ను తన దరిదాపులకు రానీయలేదు. అది ఒక రసాయనాన్ని తయారుచేసి చుట్టూ వదులుతున్నది. ఉంగరంలా చుట్టుకొని ఉండే ఆ చిన్న అణువుకు వారు లుగ్డునిన్ అని పేరు పెట్టి, 2016లో నేచర్ పత్రికలో ప్రకటించారు. తరువాత ఆసుపత్రిలో ఉన్న 187 మంది ముక్కులను పరీక్షించారు. వారిలో 17 మందికి, అంటే నూటికి తొమ్మిది మందికి, లుగ్డునెన్సిస్ ఉంది. అది లేనివారిలో నూటికి 34.7 మందికి ఆరియస్ కనిపించగా, అది ఉన్నవారిలో నూటికి 5.9 మందికి మాత్రమే కనిపించింది. పదిహేడుగురిలో ఒక్కరు అన్నమాట.

కొత్త ఔషధాల కోసం ప్రపంచమంతా మట్టిని, సముద్రపు అడుగును వెదుకుతుండగా, మన ముక్కులోనే ఒక జీవి ఔషధం వంటి పదార్థాన్ని తయారుచేసుకుంటున్నదని తెలిసి శాస్త్రలోకం ఆశ్చర్యపోయింది. నెల రోజుల పాటు తక్కువ మోతాదులో లుగ్డునిన్ తగిలించినా ఆరియస్ దానికి అలవాటుపడి తట్టుకోవడం నేర్చుకోలేదని కూడా ఆ పరిశోధకులు రాశారు. అయితే ఇది ఇంకా మందుల దుకాణంలో దొరికే ఔషధం కాదు. ఎవరైనా ఆ పేరు చెప్పి ఏదైనా అమ్మజూపితే నమ్మకండి.

ఇంతవరకు విన్నవారికి లుగ్డునెన్సిస్ మన వాకిటి కాపలాదారు అనిపిస్తుంది. అది నిజమే. కాని అదే జీవి గుండెలోకి వెళ్తే దాని నడత వేరు. ఈ రెండో సంగతి చెప్పడానికే నేను వచ్చాను.

మన గుండెలో నాలుగు కవాటాలు ఉన్నాయి. రక్తాన్ని ముందుకు పోనిచ్చి వెనక్కి రానీయకుండా మూసుకునే పలుచని తలుపులు అవి. నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కవాటం మీద పొర నునుపుగా ఉంటుంది. రక్తంలో ఏదైనా సూక్ష్మజీవి కొట్టుకొచ్చినా దాని మీద నిలవడం కష్టం. కాని చిన్ననాట వచ్చిన కీళ్లవాతపు జ్వరం వల్లనో, పుట్టుకతో ఉన్న లోపం వల్లనో, వయసు వల్లనో కవాటం గరుకెక్కితే అక్కడ రక్తం సుడి తిరుగుతుంది. గరుకు చోట సన్నని గడ్డ పేరుకుంటుంది. ఆ గడ్డలో జీవి చిక్కుకుంటే గూడు కట్టుకోవడం మొదలుపెడుతుంది. ఈ జబ్బును వైద్యులు ఎండోకార్డైటిస్ అంటారు. గుండె లోపలి పొరకు సోకిన జబ్బు అని మనం చెప్పుకోవచ్చు.

కీళ్లవాతపు జ్వరం గురించి ఒక మాట. దానికి మూలం గొంతులో వచ్చే వేరొక సూక్ష్మజీవి, స్ట్రెప్టోకాకస్. పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గిన కొన్ని వారాలకు మోకాళ్లు, చీలమండలు వాచి జ్వరం వస్తుంది. కీళ్ల నొప్పులు పోతాయి గాని గుండె కవాటం మీద మచ్చ మిగిలిపోవచ్చు. ఇరుకు ఇళ్లలో, ఎక్కువమంది కలిసి ఉండే పేటల్లో ఈ జబ్బు ఎక్కువ. మన పేటలు ఎటువంటివో మీకు తెలుసు. కాబట్టి మన మధ్య మచ్చపడిన కవాటాలు గలవారు, ఆ సంగతి తమకే తెలియనివారు, ఉండే అవకాశం ఉంది.

లుగ్డునెన్సిస్‌కు గూడు కట్టడానికి కావలసిన సామగ్రి అంతా ఉంది. రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే పదార్థాలను పట్టుకొని వేలాడే అంటుగుణం దానికి ఉంది. జిగురు పొరను తన చుట్టూ నేసుకొని దాని చాటున ఉండగలదు. ఆ పొర లోపలికి మందు సులభంగా చొరబడదు. మన శరీరం సూక్ష్మజీవులకు ఇనుము దొరకకుండా దాచిపెడుతుంది. కాని లుగ్డునెన్సిస్, ఆరియస్ మాదిరిగానే, ఎర్రరక్తంలోని హిమోగ్లోబిన్ నుంచి ఇనుమును లాక్కునే ఏర్పాటు కలిగి ఉంది. దాని తరగతిలో చేర్చే ఇతర జాతులకు సాధారణంగా ఈ ఏర్పాటు లేదు. అందుచేత గుండెలో పడినప్పుడు ఇది తన తరగతి వారిలా నెమ్మదిగా ఉండదు. ఆరియస్‌లా దాడి చేస్తుంది. కవాటాన్ని చిల్లులు పొడుస్తుంది, చుట్టుపక్కల చీముగడ్డలు పుట్టిస్తుంది. కృత్రిమ కవాటాలకే కాదు, మనిషికి పుట్టుకతో ఉన్న సొంత కవాటాలకు కూడా సోకుతుంది. చాలామందికి శస్త్రచికిత్స తప్పదు, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

ఇంత తీవ్రమైన జీవిని మరి ఎందుకు తేలికగా తీసుకుంటారు? ఇక్కడే పేర్ల వ్యవహారం వస్తుంది. పేర్లతో పనిచేసేదాన్ని కనుక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

ప్రయోగశాలలో స్టాఫిలోకాకస్ కనిపిస్తే మొదట చేసే పరీక్షల్లో ఒకటి కోయాగ్యులేజ్ పరీక్ష. చిన్న గాజు గొట్టంలో ప్లాస్మా పోసి అందులో జీవిని కలిపి, శరీరమంత వెచ్చదనంలో కొన్ని గంటలు ఉంచుతారు. పాలు తోడుకున్నట్లు ప్లాస్మా గడ్డకడితే ఆరియస్ అని అనుమానిస్తారు. గడ్డకట్టకపోతే కోయాగ్యులేజ్ లేని స్టాఫిలోకాకస్ అని రాస్తారు. ఈ రెండో తరగతిలో చర్మం మీద ఊరికే బతికే జాతులు చాలా ఉన్నాయి. రక్తం తీసేటప్పుడు సూది చర్మం గుండా పోతుంది కనుక వాటిలో ఒకటి సీసాలోకి పడవచ్చు. అందుచేత ఒక్క సీసాలో ఈ తరగతి జీవి కనిపిస్తే, ఇది రోగి రక్తంలోనిది కాదు, చర్మం మీది నుంచి వచ్చి కలిసినది కావచ్చు అని భావించడం వాడుక. చాలాసార్లు ఆ భావన సరైనదే.

లుగ్డునెన్సిస్ గొట్టం పరీక్షలో ప్లాస్మాను గడ్డకట్టించదు. కాబట్టి ఆ నెమ్మదస్తుల తరగతిలోకి చేరుతుంది. విచిత్రం ఏమిటంటే, గాజుపలక మీద చేసే త్వరిత పరీక్షలో ఇది తరచు గుంపుకట్టి ఆరియస్‌లా కనిపిస్తుంది కూడా. ఒక పరీక్షలో సాధువు, ఇంకొక పరీక్షలో గడుసరి. జాతి పేరు వరకు తేల్చి చెబితేనే దాని నిజరూపం తెలుస్తుంది. నేడు పెద్ద ప్రయోగశాలల్లో ఆ పని కొద్ది నిమిషాల్లో చేసే యంత్రాలు ఉన్నాయి. ఈ ఎండోకార్డైటిస్‌ను నిర్ధారించడానికి వైద్యలోకం వాడే డ్యూక్ ప్రమాణాలను 2023లో సవరించినప్పుడు, ఈ జబ్బును తరచు కలిగించే జీవుల జాబితాలో లుగ్డునెన్సిస్‌ను పేరుపెట్టి చేర్చారు. తరగతిలో కలిసిపోయిన దానికి సొంత పేరుతో అక్కడ స్థానం దొరకడానికి 1988 నుంచి ముప్పై అయిదేళ్లు పట్టింది.

ఇప్పుడు మా మేనత్త సంగతి. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. "చెప్పు బిడ్డా, నాలాంటోళ్లకు తెల్వాలె" అన్నది.

ఆమె ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించి, పొడి నింపి, దారం చుట్టే వేళ్లు కంటితో పని లేకుండా ఆడేవి. చిన్నతనంలో ఊళ్లో ఉండగా కీళ్లు వాచి మంచం పట్టిందట. కానుపు సమయంలో డాక్టరమ్మ గుండెలో చప్పుడు ఉన్నదని, కవాటం ఇరుకైందని చెప్పి, మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకోమన్నది. రెండేళ్లు వేయించుకున్నది. తరువాత ఎవరూ గుర్తుచేయలేదు, ఆమె మానేసింది. మా ఇంట్లో ఆ సంగతే మరిచిపోయాము.

ఆ ఏడాది వానకాలంలో తొడ మొదట ఒక సెగ్గడ్డ లేచింది. ఆమె దాన్ని తనే నొక్కి చీము తీసింది. పది రోజుల తరువాత జ్వరం మొదలైంది. సాయంత్రమైతే చలి, రాత్రి చెమటలు. "జరమే గదా, గోలీ వేసుకుంటే పోతది" అని మందుల దుకాణంలో అడిగి ఐదు రోజుల మాత్రలు తెచ్చుకున్నది. జ్వరం తగ్గింది. వారానికి మళ్లీ వచ్చింది. మళ్లీ అవే మాత్రలు. మూడో మారు వచ్చినప్పుడు ఒక చిన్న దవాఖానలో రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపారు. ఒకే సీసా తీశారు. అప్పటికే మాత్రలు లోపల పనిచేస్తున్నాయి. కవాటం సంగతి మేము చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

కాగితం ఇంటికి వచ్చింది. ఆమె నా చేతికిచ్చి, "ఏమున్నది బిడ్డా కాయితంల?" అని అడిగింది. అందులో కోయాగ్యులేజ్ లేని స్టాఫిలోకాకస్ కనిపించిందని, బహుశా చర్మం మీది నుంచి కలిసినది కావచ్చునని ఇంగ్లీషులో ఉన్నది. నేను చదివి, "ఏం లేదు అత్తా, చర్మం మీద ఉండే క్రిమి, పొరపాటున కలిసిందట" అన్నాను. ఆమె ముఖం తేటపడింది. నాకు కూడా నిశ్చింత కలిగింది.

ఆ వాక్యంలో బహుశా అన్న మాట ఉన్నది. దాన్ని నేను వదిలివేశాను. కార్యాలయంలో ఒక నోటీసులో ఇటువంటి మాట జారిపోతే రెండుసార్లు సరిచూసేదాన్ని నేను, నా ఇంటి మనిషికి చెప్పేటప్పుడు ఆమెను ఊరడించాలన్న తొందరలో మాటను మింగేశాను. రాసినవారు సందేహంగా రాశారు, నేను నిశ్చయంగా చెప్పాను. ఆ నిశ్చయాన్ని నమ్మి ఆమె పదకొండు రోజులు ఇంట్లోనే ఉన్నది.

పన్నెండో రోజు పొద్దున తునికాకు కట్ట ఎత్తబోతే ఎడమ చేయి లేవలేదు. మూతి పక్కకు పోయింది. పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాము. అక్కడి యువ డాక్టరు ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, వెంటనే గుండెకు ఎకో పరీక్ష చేయించాడు. ఇరుకైన ఆ కవాటం మీద ఒక ముద్ద ఊగుతున్నది. అందులోంచి తునక ఒకటి తెగి మెదడుకు పోయిందని, చేయి పడిపోవడానికి కారణం అదేనని చెప్పాడు. వేర్వేరు చోట్ల మూడు సార్లు రక్తం తీయించాడు. మూడింటిలోనూ ఒకే జీవి పెరిగింది. జాతి పేరు తేల్చమని ప్రయోగశాలను పట్టుబట్టి అడిగింది ఆయనే. అప్పుడు కాగితం మీద మొదటిసారి చూశాను, లుగ్డునెన్సిస్ అనే పేరు. అదృష్టవశాత్తు దానికి పనిచేసే మందులు చాలా ఉన్నాయి. తన తరగతిలోని అనేక జాతుల కంటే ఇది మందులకు సులభంగా లొంగుతుందట. ఆరు వారాలు సూదులు, మధ్యలో కవాటం మార్పిడి ఆపరేషను. మేనత్త బతికింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటున్నది. కాని ఎడమ చేతి వేళ్లు ఇప్పటికీ ఆకును పట్టలేవు. ఆమె బీడీలు చుట్టడం ఆగిపోయింది.

ఈ కథలో ఎవరి మీదా కోపంతో మాట్లాడటం లేదు. దుకాణంలో మాత్రలు కొన్నది మేమే. కవాటం సంగతి మరిచింది మేమే. మాటను మింగింది నేనే. ఆ పదకొండు రోజులు తిరిగి రావు. కాని మీలో ఎవరి ఇంట్లోనైనా అటువంటి పదకొండు రోజులు పోకుండా ఉండటానికి కొన్ని విషయాలు చెబుతాను. వీటిని వైద్యులతో చర్చించి, వారు సరే అన్న తరువాతే ఇక్కడ చెబుతున్నాను.

మొదటిది. మీ ఇంట్లో ఎవరికైనా చిన్నతనంలో కీళ్లు వాచి జ్వరం వచ్చి ఉంటే, గుండెలో చప్పుడు ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, కవాటం మార్చి ఉంటే, గుండెలో పేస్‌మేకర్ అమర్చి ఉంటే, ఆ సంగతిని ఒక కాగితం మీద రాసి రేషన్ కార్డుతో పాటు దాచుకోండి. ఏ దవాఖానకు పోయినా, పంటి డాక్టరు దగ్గరకు పోయినా అడగక ముందే చెప్పండి. పెన్సిలిన్ సూదులు వేయించుకోమని చెప్పి ఉంటే డాక్టరు ఆపమనే వరకు ఆపకండి.

రెండవది. అటువంటివారికి కారణం తెలియని జ్వరం కొన్ని రోజులకు మించి నిలిచినా, తగ్గి మళ్లీ వచ్చినా, దుకాణం మాత్రలు వేయకండి. యాంటీబయాటిక్ మాత్ర పడితే రక్తంలోని జీవి తాత్కాలికంగా అణగి, కల్చర్ పరీక్షలో కనిపించకుండా పోవచ్చు. మందుకు ముందే రక్తం తీయాలి. అదీ ఒకే సీసా కాక, వేర్వేరు చోట్ల రెండు మూడు సార్లు తీయాలి. మూడింటిలో ఒకే జీవి కనిపిస్తే అది చర్మం మీది నుంచి పొరపాటున వచ్చినదని ఎవరూ అనలేరు. ఈ మాట డాక్టరుతో మర్యాదగా అడగడంలో తప్పు లేదు. జ్వరంతో పాటు ఆయాసం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, గోళ్ల కింద సన్నని నల్లని గీతలు, మూత్రంలో రక్తం, హఠాత్తుగా చేయి కాలు బలం తప్పడం కనిపిస్తే ఆ రోజే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి.

మూడవది. గజ్జల్లో, తొడల్లో, చంకల్లో వచ్చే సెగ్గడ్డలను నొక్కకండి, పిన్నీసుతో గుచ్చకండి. లోపలి చీము బయటికే వస్తుందని మనం అనుకుంటాము, కొంత లోపలికి కూడా పోతుంది. ముక్కులో వేలు పెట్టి గీకే అలవాటు పిల్లలకు మాన్పించండి. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవడం కూడా గుండెకు చేసే సేవే. నోటిలోని జీవులు కూడా ఈ దారిన పోగలవు.

నాలుగవది, ఇది ముఖ్యం. ఈ ప్రసంగం విని ఎవరూ ముక్కును పరీక్ష చేయించుకోవడానికి పరుగెత్తకండి. ముక్కులో డెట్టాల్ వేయకండి, ఎవరో చెప్పిన లేపనం పూయకండి. మీ ముక్కులో లుగ్డునెన్సిస్ ఉంటే అది మీకు జబ్బు కాదు, బహుశా మేలే చేస్తున్నది. ముక్కులోని జీవులు తమ చోట తాము ఉన్నంత వరకు వాటి పోటీ మనకు రక్షణ. జీవి మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. అది ఎక్కడ ఉంది, ఎవరి శరీరంలో ఉంది, ఆ శరీరంలో ఏ తలుపు గరుకెక్కి ఉంది అని అడగాలి.

చివరగా అనువాదకురాలిగా ఒక విన్నపం. మన ఇళ్లలో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు ఉన్నారు. అమ్మమ్మ కాగితం, తాత కాగితం వాళ్లే చదివి చెబుతున్నారు. ఆ పిల్లలకు నేను చెప్పేది ఇదే. కాగితంలో ఉన్నదంతా చెప్పండి. భయపెట్టడానికి పెంచకండి, ఊరడించడానికి తగ్గించకండి. అక్కడ బహుశా అని ఉంటే బహుశా అనే చెప్పండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పి డాక్టరును అడగండి. ఇప్పుడు మా విభాగంలో ఆరోగ్య సూచనలు తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ మాట ఉన్న ప్రతి చోట నా కలం కొంచెంసేపు ఆగుతుంది.

మా మేనత్త ఇప్పుడు కుడిచేత్తో కూరగాయలు తరుగుతూ, పక్కింటి పిల్లలకు లెక్కలు అప్పజెప్పిస్తూ ఉంటుంది. మొన్న ఒక అమ్మాయి జ్వరమని గోలీ కొనుక్కుందామంటే, "ముందుగాల నెత్తురు తీపియ్యమను, గోలీ తర్వాత" అని పంపించిందట. ఈ సభలో నేను చెప్పినదంతా ఆమె ఒక్క మాటలో చెప్పింది.